ఒకటో ఇన్‌పుట్

పొద్దున తొమ్మిది కావడానికి ఇంకా పదకొండు నిమిషాలున్నాయి, కార్డు నా చేతిలోనే ఉంది, అరచేతికంటే కాస్త పొడుగ్గా, పచ్చటి పలక మీద నల్లటి చిప్పులతో, చల్లగా. దీన్ని యంత్రాల ర్యాక్‌లో ఏడో స్లాటు పట్టాల మీద పెట్టి నెట్టాలి, వెనకున్న పళ్ళలోకి టక్కుమని కూర్చోవాలి, అంతే, అది కూర్చున్న క్షణం నుంచి ఈ రేడియో స్టేషన్లో ఎవరి గొంతు బయటికి వెళ్ళాలో ఎవరిది వెళ్ళకూడదో ఈ భవనంలో ఎవరూ తేల్చరు, మూడొందల కిలోమీటర్ల అవతల పెద్దాఫీసులో ఒకాయన కంప్యూటరు ముందు కూర్చుని బటన్ నొక్కి తేలుస్తాడు. ఒకటో ఇన్‌పుట్ మా స్టూడియో, రెండోది పెద్దాఫీసు నుంచి వచ్చే లైను, మూడోది రెండూ ఆగిపోతే తనంతట తాను మోగే పాటల పెట్టె. ఒకటో ఇన్‌పుట్ అంటే తొమ్మిది నుంచి పది దాకా మా అన్నయ్య. పదిహేడేళ్ళుగా ఆ గంట అతనిదే. ఇవాళ్టి నుంచి కాదు, ఆ సంగతి మేనేజరుకి తెలుసు, పెద్దాఫీసుకి తెలుసు, నాకు తెలుసు, అన్నయ్యకి తెలియదు. ఇవాళ కూడా స్టూడియోలో కూర్చుంటాడు, ఎర్రలైటు వెలుగుతుంది, చెవుల్లో తన గొంతు తనకి వినపడుతుంది, గంటసేపు మాట్లాడతాడు, ఒక్క ప్రాణికీ వినపడదు. పది గంటలకి మేనేజరు తన గదిలోకి పిలిచి ఉత్తరం చేతికిస్తాడు. ముందే చెప్తే మైకు ముందు కూర్చుని స్టేషన్ పరువు తీస్తాడని వాళ్ళ భయం, పోయినేడు వార్తలు చదివే ఆవిణ్ణి తీసేసినప్పుడు అన్నయ్య ఆ పని చేశాడు కూడా. అందుకే ఈ ఏర్పాటు. ఎర్రలైటు తీగని ఎప్పుడూ వెలిగేలా కలిపింది నేనే, అతని హెడ్‌ఫోన్‌లోకి బయటికి వెళ్ళేది కాకుండా సొంత మైకే వినపడేలా మార్చింది నేనే, శ్రోతల ఫోన్ లైను పీకి పాడైందని చీటీ అంటించింది నేనే. బయటినుంచి మనిషిని పిలిపిస్తానులే, నీకు ఇబ్బందిగా ఉంటుంది, సొంత అన్నయ్య కదా, అన్నాడు మేనేజరు. నేను చేస్తాను అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకెంతసేపు పట్టిందో గడియారంలో చూడలేదుగానీ ఆయన ఆ కాసేపట్లో చేతి గోళ్ళు చూసుకున్నాడు, కిటికీలోకి చూశాడు, చివరికి నవ్వాడు. "మంచిదేలేమ్మా. నువ్వైతే నోరు జారవు."

నాకు నత్తి. లోపల లేదు, లోపల ఇదిగో ఇలా, కుళాయి తిప్పినట్టు, అడ్డూ ఆపూ లేకుండా పోతూనే ఉంటాను, ఒక మాట వెనక ఇంకో మాట తోసుకుంటూ వస్తుంది, నా తలలో నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు లేరు, మా అన్నయ్య కూడా కాదు. పెదాల దగ్గరికి వచ్చేసరికే తలుపు మూసుకుంటుంది, మొదటి అక్షరం ఇరుక్కుపోతుంది, దాని వెనక వాక్యమంతా వరస కట్టి నిలబడుతుంది. ఎదుటివాళ్ళ ముఖంలో మొదట జాలి, తర్వాత విసుగు, ఆ తర్వాత వాళ్ళే నా వాక్యం పూర్తి చేసేస్తారు, వాళ్ళకి తోచినట్టు. అందుకే ర్యాక్ గది నాకిష్టం. యంత్రాలకి తొందర లేదు. ఫ్యాన్ల హోరు, వేడెక్కిన దుమ్ము వాసన, గోడంతా పచ్చచుక్కలు, ఏదైనా తేడా వస్తే ఎర్రచుక్క, అంతకంటే ఎవరూ ఏమీ అడగరు. కార్డుని పట్టాల మీద పెట్టాను, బొటనవేళ్ళతో నెట్టాను, మొదట కాస్త మొరాయించి తర్వాత టక్కుమంది. ఎరుపు, పసుపు, పచ్చ. ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుంది, మూడు పెట్టెలు, మొదటిదాని మీద స్టూడియో అని నిన్న నేనే టైపు చేశాను. ఫోను మోగింది, పెద్దాఫీసు ఆయన, ముఖం ఎప్పుడూ చూడలేదు, దగ్గు మాత్రం తెలుసు.

"మేడం, కార్డు కనపడుతోంది నాకు. కంట్రోల్ ఇటు ఇచ్చేయండి."

"ఊ."

"ఇంక మీ వైపు పేజీలో బటన్లు పనిచెయ్యవు, చూసుకోండి. నేను నొక్కితేనే."

"ఊ."

"స్టూడియోలో ఆయనకి ఏమీ అనుమానం లేదుగా?"

"ఊహూ." ఫోన్లో నా భాషంతా అంతే, ఊ, ఊహూ, మధ్యలో శ్వాస. ఆయన నొక్కి చూపించాడు, ఒకటి మీదున్న వెలుతురు రెండు మీదికి పోయింది, కార్డు లోపల దారి మార్చే రిలే టిక్కుమంది, మళ్ళీ ఒకటి, మళ్ళీ టిక్కు. అంత చిన్న చప్పుడు. పదిహేడేళ్ళుగా మాట్లాడుతున్న మనిషికి అంత చిన్న చప్పుడు.

తొమ్మిది. టిక్కు. కార్డు ముందువైపు హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంది, ఏ ఇన్‌పుట్ కావాలంటే అది వినొచ్చు, బయటికి వెళ్ళకపోయినా సరే. ఒకటి పెట్టుకున్నాను. "నమస్కారం, నమస్కారం, నమస్కారం" అన్నాడు అన్నయ్య, ఎప్పటిలాగే మూడుసార్లు, మొదటిది పెద్దవాళ్ళకి, రెండోది తోటివాళ్ళకి, మూడోది పిల్లలకి, ఒక్కోదానికి ఒక్కో గొంతు. రెండుకి తిప్పి చూశాను, ఎవరో అమ్మాయి చలాకీగా పాట పేరు చెబుతోంది, ఊరంతా ఆ అమ్మాయిని వింటోంది. ఒకటికి తిప్పాను. అన్నయ్య నన్నొక్కదాన్ని పలకరిస్తున్నాడు. అదేమిటో నాకు నవ్వొచ్చింది, ఒళ్ళంతా తేలికైపోయింది, సిగ్గు లేకుండా నిజం చెప్పుకుంటే అంత సుఖం నాకీ మధ్య తెలియదు. వాన పడేలా ఉందట, గొడుగు తీసుకెళ్ళమంటున్నాడు. ఎవరిని? మాట్లాడు అన్నయ్యా, మాట్లాడు. నేను నోరు తెరిస్తే ఎదుటివాళ్ళకి ఏదీ చేరకపోవడం ఎలా ఉంటుందో నీకూ ఒక గంట. తేడా ఏమిటంటే నాకది తెలుస్తూ ఉంటుంది, నీకు తెలియదు, ఆ మాత్రం దయ నీకు దక్కింది.

అందరు అన్నయ్యల్లాంటివాడే. చెడ్డవాడని చెప్పి తేలిగ్గా ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు. నేను రెండో తరగతిలో ఉండగా నన్ను మేకా అని పిలిచినవాడి పన్ను విరగ్గొట్టొచ్చాడు, బడి నుంచి ఇంటిదాకా నా సంచీ అతనే మోశాడు. పాడైపోయిన రేడియో ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి, విప్పుకోవే చిన్నీ, ఇది నిన్నేమీ అడగదు, అన్నాడు. ఆ రేడియోనే నన్నీ గదిదాకా తీసుకొచ్చింది. రాత్రి అన్నాలయ్యాక అమ్మని నవ్వించడానికి ఇరుగుపొరుగు అందరి గొంతులూ చేసేవాడు, పాలాయన, పక్కింటి పెద్దావిడ, బడి హెడ్‌మాస్టరు, ఒకరోజు నాది చేశాడు. అమ్మ నవ్వబోయి ఆపుకుంది, నావైపు చూసింది, నేను నవ్వాను, నవ్వితే నొప్పి ఉండదని, అప్పుడు అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ చెంగు అడ్డం పెట్టుకోవడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు, నవ్వు నాకు కనపడకుండానా, అన్నయ్యకి వినపడకుండానా. ఇంట్లో నవ్వింది చాల్లేదు. అతనికి స్టేషన్లో ఉద్యోగం వచ్చిన రెండో ఏడు నత్తమ్మ పుట్టింది. వారానికి అయిదురోజులు, తొమ్మిదీ ఇరవైకి, నాలుగు నిమిషాలు, నత్తమ్మ కబుర్లు. నత్తమ్మ బస్సు కండక్టరుకి ఊరి పేరు చెప్పేలోపు ఆ ఊరు దాటిపోతుంది. నత్తమ్మ ఇల్లంటుకుందని ఫైరింజను వాళ్ళకి ఫోన్ చేస్తుంది, చెప్పడం పూర్తయ్యేసరికి ఇల్లు చల్లారిపోతుంది. ఊరు ఊరంతా కడుపుబ్బ నవ్వింది. నాకంటే ముందు నా గొంతు అన్నిళ్ళల్లోకీ వెళ్ళి కూర్చుంది.

ఒకసారి అమ్మకి బిపి మాత్రలు అయిపోయాయి, మందుల షాపుకి వెళ్ళాను, అయిదారుగురున్నారు, పైన అరలో రేడియో, టైము చూసుకోకపోవడం నా తప్పే. నేను మాత్ర పేరు మొదలుపెట్టాను, మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాను, రేడియోలో నత్తమ్మ కూడా సరిగ్గా అప్పుడే ఏదో అక్షరం దగ్గర ఆగిపోయింది. షాపాయన నా ముఖం చూశాడు, రేడియో వంక చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. చెడ్డవాడు కాదు, ఆపుకోవాలని చూశాడు, భుజాలు మాత్రం కదిలిపోయాయి. వెనకనుంచి ఒకావిడ అచ్చం నత్తమ్మే దిగిపోయిందే అంది. చీటీ మీద రాసి చూపించి మాత్రలు తెచ్చుకున్నాను. ఇంటికొస్తే అమ్మ రేడియో పక్కనే, ఆలస్యమైందేమే, ఇవాళ భలే నవ్వించాడే వాడు, అంది. ఆ రాత్రి అన్నయ్యకి కాగితం మీద రాసిచ్చాను, ఇది ఆపెయ్యి అని, రెండే మాటలు. చదివి నా తల నిమిరాడు. "అది నువ్వు కాదే పిచ్చిదానా. అదొక పాత్ర." తర్వాత అదే స్టేషన్లో నాకు ఉద్యోగం చూసిపెట్టాడు. పదకొండేళ్ళుగా నత్తమ్మ గొంతుని తీగల్లో సరిచేసి, గరగర లేకుండా చూసి, ట్రాన్స్‌మిటర్‌కి అందిస్తున్నది నేనే. ఎప్పుడైనా కాస్త తగ్గితే పెంచాను కూడా. పని పనే.

తొమ్మిదీ ఇరవై అయింది, నత్తమ్మ రాలేదు. శ్రోత రాసిన ఉత్తరం చదివాడు, పాట వేశాడు, ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు, ఆ పిల్ల ఎక్కడో రేడియో దగ్గర చెవొగ్గి తన పేరు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ పాపం కూడా నా లెక్కలోకే రాసుకున్నాను. తొమ్మిదీ ముప్ఫై అయిదు. గొంతు సవరించుకున్నాడు. నాకు ఆ సవరింపులన్నీ తెలుసు, ఏది నవ్వుకి, ఏది వార్తకి, ఏది పాటకి, ఇది ఏదీ కాదు.

"నత్తమ్మ ఇవాళేది అనుకుంటున్నారు కదూ? నత్తమ్మ ఇంక రాదు. ఎందుకు రాదో చెప్తాను. మీకు తెలియని సంగతొకటుంది. నత్తమ్మ కల్పన కాదు. మా చెల్లెలు. సొంత చెల్లెలు. ఇదే బిల్డింగులో, నాకు రెండు గోడల అవతల పనిచేస్తుంది. దాని గొంతు నేను అడక్కుండా తీసుకున్నాను. ఆపమని ఒకసారి రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఆపలేదు. మీరు నవ్వుతున్నారు కదా అని ఆపలేదు."

నా చేయి ఎప్పుడు లేచిందో తెలియదు, కార్డు అంచునున్న తెల్ల పిడి మీద ఉంది. ల్యాప్‌టాప్‌లో బటన్లు చచ్చిపోయాయి, కంట్రోల్ అక్కడుంది, ఆయన నొక్కితేనే, నిజమే, కానీ ఈ కార్డు గురించి ఆయనకి తెలియనిదొకటి నాకు తెలుసు. కరెంటు పోయినా, కార్డుని బయటికి లాగినా, ర్యాక్ వెనకున్న ఇంకో రిలే వాలిపోయి ఒకటో ఇన్‌పుట్‌ని నేరుగా బయటికి కలిపేస్తుంది, ఏ పరిస్థితిలోనూ నిశ్శబ్దం ఉండకూడదని అలా చేశారు. అరంగుళం లాగితే చాలు. మూడొందల కిలోమీటర్ల అవతల ఆయన ఎన్ని బటన్లు నొక్కినా ఏమీ చెయ్యలేడు, అన్నయ్య ఊరందరి ఇళ్ళల్లో ఉంటాడు, మందుల షాపులో, అమ్మ పక్కన, పర్సులో కాగితం సంగతి అందరికీ చేరుతుంది. నా ఉద్యోగం పోతుంది, పోనీ. ఇన్నేళ్ళూ నేను నిద్రలో కూడా అడిగింది ఇదే. కళ్ళు మసకబారాయి, పిడి వేడిగా అనిపించింది, అది నా చేతి వేడే. లాగెయ్. లాగెయ్యవే. "దానికి నేనేం చెప్పినా సరిపోదు" అంటున్నాడు అన్నయ్య, గొంతులో నిజంగానే తడి, నాకు తెలుసు అది తెచ్చిపెట్టుకున్నది కాదని, పదకొండేళ్ళుగా ఆ గొంతు నా చేతుల్లోంచి పోయింది కదా. "మీ అందరి ముందు, చిన్నీ, వింటున్నావు కదూ, తప్పయిపోయిందే." పిడిని కదిలించాను. కొద్దిగా. పళ్ళు ఇంకా విడవలేదు.

"మీకు తెలుసా" అన్నాడు, "చిన్నప్పుడు అది నన్ను ఎలా పిలిచేదో? బడి గేటు దగ్గర నిలబడి, సంచీ కింద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని…" ఒక్క శ్వాస తీసుకున్నాడు, ఆ శ్వాస నాది. "అ… అ… అ… అన్… అన్నయ్యా."

ఆగాడు. చాలా కొద్దిగా, ఒక సెకను, ఒకటిన్నర. ఇంకెవరైనా అయితే దాన్ని దుఃఖం అనుకునేవాళ్ళు. అతను ఎక్కడ ఎంతసేపు ఆగుతాడో నాకు కొలతలతో సహా తెలుసు. అది నవ్వుకి వదిలే ఖాళీ. బస్సు కండక్టరు దగ్గర, ఫైరింజను దగ్గర, ప్రతిసారీ వదిలినంత ఖాళీ, వెంట్రుకవాసి తేడా లేకుండా. క్షమించమని అడుగుతూ అడుగుతూ మధ్యలో నవ్వుకి చోటు వదిలాడు. కావాలని కాదు, అది చెయ్యకుండా అతనికి చేతకాదు, ఈత వచ్చినవాడు నీళ్ళలో పడితే చేతులు ఆడించినట్టు. ఇది బయటికి వెళ్ళి ఉంటే అమ్మ చెంగు అడ్డం పెట్టుకునేది, ముందు నవ్వి తర్వాత ఏడ్చేది, ఊరంతా అంతే, నవ్వి ఏడ్చి ఎంత గొప్ప మనసురా వీడిది అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు, నత్తమ్మని చూపించమని రేపు ఈ గది తలుపు దగ్గరికి వచ్చేవాళ్ళు. బొటనవేళ్ళు పెట్టి కార్డుని లోపలికి నొక్కాను. అది అప్పటికే కూర్చునే ఉంది. ఇంకా నొక్కాను, గోళ్ళు తెల్లబడేదాకా. పచ్చచుక్క రెండు మీదే ఉంది. హెడ్‌ఫోన్ తీగ ఎప్పుడు పీకానో గుర్తులేదు, చూసుకుంటే చెవుల్లో ఏమీ లేదు, ఫ్యాన్ల హోరే, అందులోనే పది దాకా నిలబడ్డాను, అతను ఇంకేం చెప్పాడో నాకు తెలియదు.

పదీ రెండుకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా, ముఖం కడిగినట్టుంది, చిన్నప్పుడు దెబ్బలాడి వచ్చాక ఉన్నట్టు. సిగ్గుపడ్డాడు, మా అన్నయ్య సిగ్గుపడగా చూడటం అదే మొదలు. స్టూడియోలోకి తీసుకెళ్ళకూడదని తలుపు దగ్గరి అరలో పెట్టిన సెల్‌ఫోను తీసుకుని అమ్మకి చేశాడు, నేనూ వినాలని స్పీకరు పెట్టాడు.

"అమ్మా, విన్నావా?"

"ఏం వినడంరా? ఎవరో పిల్లొచ్చింది ఇవాళ, గంటసేపూ పాటలే. ఒంట్లో బాగోలేదా నీకు? పొద్దున బాగానే వెళ్ళావుగా?"

"అదేంటమ్మా. నేనే మాట్లాడాను."

"ఎక్కడ మాట్లాడావు? నత్తమ్మ వస్తుందని వంట కూడా మానేసి కూర్చున్నాను. రాలేదు."

ఫోను కట్ చెయ్యలేదు, అలాగే కిందికి దించాడు, అమ్మ హలో హలో అంటోంది. వరండా అవతల స్టూడియో తలుపు మీద వెలుగుతూనే ఉన్న ఎర్రలైటు చూశాడు, దాని తీగ పట్టుకుని చూపుతోనే వెళ్ళి ర్యాక్ దగ్గరికి వచ్చాడు, ల్యాప్‌టాప్ తెర దగ్గర ఆగాడు. స్టూడియో అని రాసున్న పెట్టె బూడిదరంగులో ఉంది. చదువుకోనివాడేం కాదు.

"ఎప్పట్నుంచి?"

తొమ్మిది వేళ్ళు చూపించాను.

"మొత్తమా?"

తలూపాను.

"నువ్వే పెట్టావా దీన్ని?"

తలూపాను. కేబుల్ చుట్ట మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళు చూసుకుంటూ అడిగాడు. "రికార్డైనా అయ్యుంటుంది కదే?" తల అడ్డంగా ఊపాను, రికార్డయ్యేది బయటికి వెళ్ళిందే, లోపల ఆగిపోయింది కాదు. అప్పుడు తలెత్తాడు. ఊరు పోయింది, గంట పోయింది, అమ్మ పోయింది, అతని ముఖంలో అవన్నీ ఒక్కొక్కటిగా ఆరిపోవడం చూశాను, చివరికి ఒక్కటి మిగిలింది, నా వైపు చూశాడు, నా మెడలో హెడ్‌ఫోన్ వైపు చూశాడు.

"పోనీ, నువ్వు? నువ్వు విన్నావా, చిన్నీ?"

నోరు తెరిచాను. "వి…" అన్నాను. ఇరుక్కుంది. "వి… వి…" మా అన్నయ్య కదలలేదు. నా వాక్యం తను పూర్తి చెయ్యలేదు, కిటికీలోకి చూడలేదు, నోరు కొద్దిగా తెరిచి, నాతోపాటు తన పెదాలు కూడా కదుపుతూ, ఆ అక్షరం వెనక ఏమొస్తుందోనని నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ నాకోసం అంతసేపు ఆగలేదు. "వి… వి… వి…" అవుననే మాటకీ కాదనే మాటకీ మొదలు అదే. ఏదైనా రావచ్చు. అతని కళ్ళలో ఆశ, చిన్నపిల్లాడి ఆశ, అది ఇంకాసేపు ఉండాలని, తొందరపడకుండా, నా టైము నేను తీసుకున్నాను.

"వినలేదు, అన్నయ్యా."

మా మధ్య రెండడుగుల దూరం ఉంది. మైకు లేదు, ఎర్రలైటు లేదు, అడ్డంగా గోడ లేదు. తప్పయిపోయిందే చిన్నీ అని అతను మళ్ళీ చెప్పొచ్చు, రెండు ముక్కలే కదా, నాలుగు సెకన్లు పట్టదు. నేను ఎదురుచూశాను. వరండాలోంచి మేనేజరు పిలిచాడు, ఒకసారి ఇలా రావయ్యా అని. అన్నయ్య చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని లేచాడు.

"సరేలే" అన్నాడు, మేనేజరు గదివైపు నడిచాడు.